వాదా, వాయిదా: అమెరికా కళాశాలలలో ముందస్తు ప్రవేశము

ఉర్దూలో 'వాదా' యనగా మాట యిచ్చుట. మన తెలుగువారు కచేరీలలోను, అప్పు పత్రములలోను నిత్యము వాడు 'వాయిదా' యను పదమును ఆ అరబ్బీ మూలమునుండియే వచ్చినది. ఒక భాషలో అది ఇచ్చిన మాటగా నిలిచినది. మరియొక భాషలో గడువుగా మారి, తుదకు పనిని మరియొక దినమునకు జరుపుట యను అర్థమును పొందినది. రెండు భాషల విద్యార్థులు చదువు ఈ సంచికలో మా వ్యాసమును ఈ రెండు పదములతో ప్రారంభించుటకు కారణము కలదు. అమెరికాలోని కొన్ని కళాశాలలు అనుసరించు 'ఎర్లీ డెసిషన్', అనగా ముందస్తు నిర్ణయము, అను ప్రవేశ పద్ధతి యంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది. విద్యార్థి నవంబరులో వాదా చేయును. డిసెంబరులో కళాశాల అవునని గాని, కాదని గాని, వాయిదా యని గాని చెప్పును.

మేమిద్దరము ఈ కళాశాలలో ఒకరు ఆంగ్లమును, ఒకరు గణితమును బోధించువారము. కొన్ని సంవత్సరముల క్రిందట ఇంటర్మీడియేట్ రెండవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థిని తన తండ్రితో కూడ మా వద్దకు ఒక పత్రమును తీసికొని వచ్చెను. షికాగోలోనున్న మేనమామ ప్రోత్సాహముతో ఆమె అక్కడి ఒక ప్రసిద్ధ కళాశాలకు దరఖాస్తు చేయుచుండెను. పత్రముపై మూడు సంతకములు కావలెను: విద్యార్థినిది, తండ్రిది, చదువుచున్న కళాశాల పక్షమున ఒక అధ్యాపకునిది. తండ్రి లాడ్ బజారులో చిన్న గాజుల దుకాణము నడుపు మనిషి. పత్రములోని సంగతి మాచేత చెప్పించుకొని విని, ఒకే ఒక ప్రశ్న వేసెను: "ధర చెప్పకముందే తీసుకుంటానని సంతకం పెట్టమంటున్నారు సార్. ఇదెక్కడి బేరం?"

ఆనాడు మా వద్ద సరియైన సమాధానము లేకపోయెను. సంతకము మాత్రము చేసితిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాయుచున్న సమాధానము.

పద్ధతి యేమి?

అమెరికా కళాశాలలలో సాధారణ ప్రవేశమునకు దరఖాస్తులు జనవరి మొదటి దినములలోపల చేరవలెను. ఫలితములు మార్చి నెలాఖరునకు వచ్చును. విద్యార్థి తనకు చోటు దొరకిన కళాశాలలను సరిపోల్చి చూచుకొని, మే 1వ తేదీలోపల ఒకదానిని ఎన్నుకొనును. ఈ మార్గములో ఎన్ని కళాశాలలకైనను వ్రాయవచ్చును. తుది నిర్ణయము విద్యార్థి చేతిలోనుండును.

ముందస్తు మార్గములో ఈ క్రమము తలక్రిందులగును. విద్యార్థి ఒకే కళాశాలను ఎన్నుకొని నవంబరు 1వ తేదీనో, 15వ తేదీనో దరఖాస్తు పంపును. దానితోపాటు, చోటు దొరకినచో తప్పక చేరుదుననియు, మిగిలిన దరఖాస్తులన్నిటిని ఉపసంహరించుకొందుననియు వ్రాసియిచ్చును. ఫలితము డిసెంబరు మధ్యలో తెలియును. పలు కళాశాలలు జనవరిలో రెండవ విడతను కూడ నడుపుచున్నవి; దాని ఫలితము ఫిబ్రవరిలో వచ్చును.

దీనిని పోలిన 'ఎర్లీ యాక్షన్' అను వేరొక పద్ధతి కలదు. అందులో దరఖాస్తు ముందుగా పంపుదురు, జవాబు ముందుగా పొందుదురు. కాని చేరితీరవలెనను బంధము లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములు దీనినే ఒక నిబంధనతో పాటించుచున్నవి: వానికి ముందస్తుగా వ్రాసినవారు ఇతర ప్రైవేటు కళాశాలలకు ముందస్తుగా వ్రాయరాదు. బ్రౌన్, కొలంబియా, కార్నెల్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములలోనిది మొదట చెప్పిన వాగ్దాన పద్ధతి. పేర్లు ఇంచుమించు ఒకటిగానుండుటవలన మన విద్యార్థులు ఈ రెంటిని కలగలుపుకొనుచున్నారు. ఒకదానిలో మాట యిచ్చుట కలదు, రెండవదానిలో లేదు. ముందుగా తెలిసికొనవలసిన భేదమిదియే.

మాట తప్పినచో ఏమగును? సాధారణముగా దీనికై కళాశాలలు న్యాయస్థానమునకు పోవు. కాని సంతకము ఒక్క విద్యార్థిది కాదు. అతడు చదివిన సంస్థది కూడ. ఒకరు మాట తప్పిన పిమ్మట అదే సంస్థనుండి వచ్చు తరువాతి విద్యార్థుల మాటకు విలువ తగ్గును. ఒక్క మినహాయింపు మాత్రము పత్రములోనే వ్రాయబడియున్నది: కళాశాల ఇచ్చు ఆర్థిక సహాయము చాలక చేరుట అసాధ్యమైనచో విద్యార్థి బంధమునుండి విడుదల పొందవచ్చును.

కళాశాలకేమి లాభము?

మన ప్రాంతములో ప్రవేశ పద్ధతి వేరు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష కాని, తెలంగాణలో 2016 నుండి నడుచుచున్న 'దోస్త్' అను డిగ్రీ ప్రవేశ విధానము కాని తీసికొనుడు. విద్యార్థి తన ర్యాంకునో, మార్కులనో ముందుగా తెలిసికొని, తరువాత తన కిష్టమైన కళాశాలలను వరుసగా వ్రాయును. యంత్రము ఆ వరుసను చూచి సీటు కేటాయించును. మొదటి కోరికగా దేనిని వ్రాసినను నష్టము లేదు. అది దొరకనిచో రెండవదానిని చూచును.

ఇట్టి కేటాయింపును గురించి 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను గణితవేత్తలు ఒక వ్యాసము ప్రకటించిరి. కళాశాల ప్రవేశములను, వివాహ సంబంధములను ఒకే గణిత సమస్యగా వారు చూపిరి. దరఖాస్తుదారులు తమ నిజమైన కోరికల వరుసను వ్రాయుటవలన నష్టపోని కేటాయింపు క్రమము ఆ వ్యాసమునుండి వచ్చినదే. ఈ రంగములోని కృషికి షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించెను.

అమెరికాలో ఈ విధముగా అందరిని ఒక చోట కూర్చి కేటాయించు యంత్రము లేదు. ఏ కళాశాలకాకళాశాల విడివిడిగా నిర్ణయించును. వేయిమందికి చోటిచ్చినచో వారిలో ఎందరు చేరుదురో దానికి తెలియదు. ఎక్కువమంది చేరినచో వసతిగృహములు చాలవు. తక్కువమంది చేరినచో రాబడి తగ్గును. చోటు పొందినవారిలో చేరువారి పాలును అక్కడివారు 'యీల్డ్' అందురు. వాగ్దానముతో వచ్చిన విద్యార్థి విషయమున ఈ సందేహము లేదు, చోటిచ్చినచో చేరును. కావున అతని 'నీవే నా మొదటి కోరిక' యను మాటకు కళాశాల దృష్టిలో విలువ కలదు. మన కేటాయింపులో మొదటి కోరిక ఒక సమాచారము మాత్రమే. అక్కడ అది చెల్లుబడియగు నాణెము. ఒక్కసారి మాత్రమే ఖర్చుపెట్టగల నాణెము.

ఆ నాణెము ఎంత కొనగలదో ఒక ఉదాహరణమును చూడుడు. 2023 డిసెంబరులో బ్రౌన్ విశ్వవిద్యాలయమునకు ముందస్తుగా 6,244 మంది వ్రాయగా 898 మందికి చోటు దొరకినది; అనగా నూటికి పదునలుగురు. రెండు విడతలు కలిపి ఆ సంవత్సరము వ్రాసినవారు 48,881 మంది, చోటు పొందినవారు 2,521 మంది. ముందస్తువారిని తీసివేసి లెక్కించినచో మిగిలినవారిలో నూటికి నలుగురికైనను చోటు దొరకలేదు.

ఈ అంకెలను చూచి తొందరపడరాదు. ముందస్తు గుంపులో కళాశాల ముందే ఎంచుకొనిన క్రీడాకారులు, మంచి పాఠశాలలలో చదివి సెప్టెంబరునకే సర్వసన్నద్ధులైనవారు ఎక్కువగానుందురు. కావున పదునాలుగునకు, నాలుగునకు నడుమనున్న వ్యత్యాసమంతయు ముందుగా వ్రాయుటవలన వచ్చినది కాదు. అయినను కొంత నిజముగానే కలదు. క్రిస్టఫర్ ఎవరీ, ఆండ్రూ ఫెయిర్‌బ్యాంక్స్, రిచర్డ్ జెక్‌హౌసర్ అను మువ్వురు ఈ విషయమును పరిశోధించి 2003లో ఒక గ్రంథము ప్రకటించిరి. సమాన యోగ్యత కలవారిని సరిపోల్చి చూచినపుడు, ముందస్తుగా వ్రాయుట 1600 మార్కుల శాట్ పరీక్షలో ఇంచుమించు 100 మార్కులు అదనముగా తెచ్చుకొనుటతో సమానమని వారు తేల్చిరి.

ఆ నాణెము ఎవరి జేబులోనున్నది?

ఇపుడు గాజుల వ్యాపారి ప్రశ్నకు వచ్చెదము. సాధారణ మార్గములో ఏప్రిల్ నెలలో విద్యార్థి చేతిలో రెండు మూడు కళాశాలల జవాబులుండును. ఒకరు సగము ఖర్చు భరింతుమందురు, ఒకరు ముప్పాతిక భరింతుమందురు. విద్యార్థి వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనగలడు. ముందస్తు మార్గములో చేతికి వచ్చునది ఒకే జవాబు. పోల్చుటకు రెండవది లేదు. ధరను గురించి చింతలేని కుటుంబమునకు దీనివలన నష్టమేమియు లేదు. చింత కలవారికే నష్టము. కావున ఈ పద్ధతిలోని లాభము ఉన్నవారికి సులభముగాను, లేనివారికి భయముతోను అందుచున్నది.

ఈ విమర్శ అమెరికాలోనే బలముగా వినవచ్చినది. 2002లో యేల్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములు వాగ్దాన బంధమును విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించెను. 2006లో హార్వర్డ్, ప్రిన్‌స్టన్, వర్జీనియా విశ్వవిద్యాలయములు ముందస్తు ప్రవేశమునే పూర్తిగా మానుచున్నట్లు ప్రకటించెను. కలిగినవారికి అది మేలు చేయుచున్నదనుట వారు చెప్పిన కారణము. కాని తక్కిన కళాశాలలలో అనేకము వారి వెంట నడువలేదు. 2011లో హార్వర్డ్, ప్రిన్‌స్టన్‌లు బంధము లేని ముందస్తు పద్ధతిని తిరిగి ప్రవేశపెట్టెను. ఒకరు మానిన మాత్రమున సంత మారదని దీనివలన తెలియుచున్నది. 2025 ఆగస్టులో ఈ వాగ్దాన పద్ధతి పోటీని అణచి ఖర్చును పెంచుచున్నదని ఆరోపించుచు కొందరు అక్కడి న్యాయస్థానములో పలు కళాశాలలపై దావా వేసిరి.

విదేశీ విద్యార్థికి ఇంకొక మెలిక కలదు. 2024-25లో ఇట్టి పలు ప్రైవేటు కళాశాలలలో చదువు, వసతి, భోజనములు కలిపి ఒక సంవత్సరపు ఖర్చు 90,000 డాలర్లను దాటినది. మన రూపాయలలో అది 75 లక్షలకు పైమాట. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ వంటి కొన్ని సంస్థలు మాత్రమే, విదేశీ విద్యార్థి సహాయము కోరినాడా లేదా యనుదానిని ప్రవేశ నిర్ణయములో లెక్కింపవు. అనేక ఇతర సంస్థలలో సహాయము కోరుటయే విదేశీ విద్యార్థి అవకాశమును తగ్గింపవచ్చును. పోనీ మొదట కోరక, చేరిన తరువాత అడిగెదమన్నచో పలుచోట్ల అందులకు అనుమతి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అమెరికాలో ప్రతి కళాశాలయు తన వెల అంచనాను ముందుగా కట్టి చూపు సాధనమును ప్రజల కందుబాటులో నుంచవలెనని అక్కడి చట్టము. 2011 అక్టోబరునుండి ఇది అమలులో కలదు. కాని అది ముఖ్యముగా ఆ దేశపు పౌరుల కుద్దేశించినది. మనవారికి పూర్తిగా వర్తింపదు. అయినను ధర ముందుగా చెప్పి మాట తీసికొనుట అసాధ్యము కాదు. అమెరికాలో చదువుచున్న పేద విద్యార్థులకై 'క్వెస్ట్‌బ్రిడ్జ్' అను సంస్థ నడుపు పద్ధతిలో, జత కుదిరిన విద్యార్థికి నాలుగు సంవత్సరముల ఖర్చు లభించును. అందులోని కళాశాలలు పెక్కు ముందుగా మాట తీసికొనునవే. అక్కడ మాటయు కలదు, వెలయు ముందే తెలియును. వ్యాపారి కోరినది ఇదియే.

ఎదురుచూపు

దరఖాస్తు పంపిన దినమునకు, ఫలితము వచ్చు దినమునకు నడుమ ఆరు వారములుండును. పూర్వము ఫలితము తపాలాలో వచ్చెడిది. కవరు మందముగానున్నచో చోటు దొరకినట్లు, పలుచగానున్నచో లేనట్లు అని అక్కడి పిల్లలు విప్పకముందే గ్రహించెడివారు. ఇపుడు కళాశాల ప్రకటించిన క్షణమున ఫోనుమీద చూచుకొందురు. అమెరికా తూర్పు తీరమున సాయంకాలము 7 గంటలైనపుడు హైదరాబాదులో మరునాటి తెల్లవారుజాము 5 గంటల 30 నిమిషములు. మా విద్యార్థిని ఆ జామున మేలుకొని తలిదండ్రుల నడుమ కూర్చుండి చూచెను. వచ్చిన జవాబు అవును కాదు, కాదు కాదు, వాయిదా.

వాయిదా యనగా, ఆ దరఖాస్తును సాధారణ విడతలోని దరఖాస్తులతో కలిపి మార్చిలో మరల చూతురు. నాటితో విద్యార్థి చేసిన వాగ్దానము తొలగిపోవును. పిమ్మట చోటు దొరకినను చేరితీరవలెనను నియమము లేదు. అర్ధ సంవత్సర పరీక్షల మార్కులను, తన కోరిక యింకను నిలిచియున్నదని తెలుపు ఒక చిన్న ఉత్తరమును పంపవచ్చును. ఆశ పూర్తిగా పోలేదు. కాని దానిపై ఇల్లు కట్టుకొనరాదు.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలెను. ముందస్తుగా ఒకే కళాశాలకు వ్రాయవలెనను నియమమును మేము చదివి, ఇంక వేరెచ్చటికిని వ్రాయరాదని అర్థము చేసికొంటిమి. రెండు పడవలపై కాళ్ళు పెట్టరాదని ఆమెకు బోధించితిమి కూడ. అది పొరపాటు. వాగ్దానముతో వ్రాయునది మాత్రమే ఒకటి. సాధారణ విడతకై ఇతర కళాశాలలకు దరఖాస్తులు సిద్ధము చేసికొనవచ్చును, పంపవచ్చును. చోటు దొరకిననాడు ఉపసంహరించుకొనిన చాలును. ఈ సంగతి మాకు డిసెంబరు మూడవ వారములో తెలిసెను. సాధారణ విడత గడువునకు రెండు వారములు మాత్రము మిగిలెను. అమెరికా కళాశాలలు తొమ్మిదవ తరగతినుండి మార్కులు అడుగును. ఆమె చదివిన ఉన్నత పాఠశాల ఆ వారము సెలవులలోనుండెను. ఎట్లో మూడు దరఖాస్తులు పంపగలిగితిమి.

మార్చిలో మొదటి కళాశాల 'లేదు' అని వ్రాసెను. తక్కిన మూటిలో ఒకటి చోటిచ్చినది, సహాయమీయలేదు. తండ్రి ఆ ఉత్తరమును రెండుసార్లు చదివించుకొని మడిచి జేబులో పెట్టుకొనెను. మమ్మేమియు అనలేదు. ఆమె ఈ నగరములోనే బి.ఎస్‌సి. చదివినది, బాగుగనే చదివినది. సెప్టెంబరునుండి సిద్ధపడియుండి పది చోట్ల వ్రాసియున్నచో వేరొక విధముగా జరిగియుండునా యని మేము నేటికిని తలపోయుచుందుము. ఆ ఆరు వారములు ఆమె ఎదురుచూచుటకు కాక పనిచేయుటకు ఉపయోగపడవలసినవి. వానిని వృథాచేసినవారము మేము.

విద్యార్థులకు, కార్యవర్గమునకు

విద్యార్థులకు మా మనవి యిది. మీ మొదటి కోరిక ఏదో నిస్సందేహముగా తెలిసినపుడును, వెల విషయము ఇంట మాట్లాడుకొనినపుడును మాత్రమే వాగ్దానము చేయుడు. అంతకుముందు ఆ కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయమునకు ఉత్తరము వ్రాసి, మా కుటుంబపు రాబడి యింత, మాకు ఎంత భారము పడునని సూటిగా అడుగుడు. కొన్ని ముందుగా అంచనా తెలుపును, కొన్ని తెలుపవు. తెలుపనిచోట సంతకము చేయుటకు తొందరపడవలదు. బంధము లేని మార్గము ఎప్పుడును తెరచియే యున్నది. నవంబరు 1న దరఖాస్తు పంపినచో నవంబరు 2న తక్కినవానిని ప్రారంభింపుడు. ఇంటర్మీడియేట్ పరీక్షలను, ఇక్కడి ప్రవేశ పరీక్షలను విడువకుడు.

కార్యవర్గము వారికి మూడు విన్నపములు. అమెరికా దరఖాస్తుల పత్రములు చూచుటకు, ఉత్తరములు వ్రాయుటకు ఒక అధ్యాపకుని ప్రతి సంవత్సరము జూన్ నెలలోనే నియమింపవలెను. మార్కుల పత్రములు కోరినవారికి వారము దినములలోపల అందునట్లు కార్యాలయమును ఆదేశింపవలెను. ముందస్తు వాగ్దాన పత్రముపై కళాశాల సంతకము పడుటకు ముందు విద్యార్థిని, తలిదండ్రులను కూర్చుండబెట్టి, ఖర్చు అంకెలను వారి భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో, కాగితముపై వ్రాసి చూపు నియమము పెట్టవలెను. వీనిలో దేనికిని పెద్ద వ్యయము లేదు.

ఆ తండ్రి నేడు మరల వచ్చి అదే ప్రశ్న వేసినచో మేమిట్లు చెప్పుదుము: అయ్యా, మీరు చెప్పినది నిజము. ఇది ధర తెలియకముందు కుదుర్చుకొను బేరమే. ముందుగా ధర కనుగొనుటకు చేయగలిగినదంతయు చేయుదము. అది తెలియనిచో మీ అమ్మాయి వేరొక దారిని పది కళాశాలలకు వ్రాయును. ఈ పత్రము ఇక్కడ నుండనీయుడు. సంతకము మేమును చేయము.